బేస్‌మెంట్‌లో బొగ్గు రైలు కోసం వెస్ట్ వర్జీనియాలో మూడు రోజులు

మా బేస్‌మెంట్‌లో 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్న మూల ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలుకు 87వ వంతు సైజులో, కలప మోసే రైలు, బొగ్గు గని కలిసి ఉండే మోడల్ కట్టాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మాది ఇల్లందు, పాత పేరుతో చెప్పాలంటే బొగ్గుట్ట. సింగరేణి తవ్వకాలు 1889లో మొదలైంది అక్కడే. నాన్న 21 ఇంక్లైన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈ అక్టోబర్‌లో ఆయన మా దగ్గర ఉండగానే, ఫొటోలు చూసి కట్టే బదులు అసలు చోట్లు చూసొద్దామని నలుగురం వర్జీనియాలో మేముండే యాష్‌బర్న్ నుంచి కారులో బయలుదేరాం.

మొదట క్యాస్. ఇంటి నుంచి నాలుగు గంటలకు పైనే పట్టింది. చివరి గంటంతా కొండ మలుపులు. ఈ ఊరు 1901లో ఒక కాగితం కంపెనీ కట్టుకున్నది. కొండ మీది స్ప్రూస్ చెట్లు కొట్టి రైల్లో కిందికి దించేవారు. కాగితానికి పనికొచ్చే కలప వర్జీనియాలోని కోవింగ్టన్ మిల్లుకు వెళ్లేది, మిగతాది ఇక్కడే కోసేవారు. 1960లో మిల్లు మూతపడింది. 1963 నుంచి అవే పట్టాల మీద టూరిస్టు రైలు నడుస్తోంది.

బస విషయంలో నా సలహా ఒక్కటే. ఇక్కడ కంపెనీ ఇళ్లు అద్దెకిస్తారు, అవే తీసుకోండి. అప్పట్లో మిల్లు కార్మికుల కుటుంబాలు ఉన్న తెల్ల చెక్క ఇళ్లివి. ముందు చెక్క కంచె, వీధి పొడవునా చెక్క నడకదారి. లోపల హంగులేమీ లేవు గానీ వంటగది ఉంది. మేం రైస్ కుక్కర్, పప్పు, ఆవకాయ తెచ్చుకున్నాం కాబట్టి తిండికి ఇబ్బంది పడలేదు. కూరగాయలు, పెరుగు దారిలో పెద్ద ఊళ్లోనే కొనుక్కోవాలి. పెట్రోలు కూడా అంతే. నాన్న వరండాలో నిలబడి ఆ ఇళ్ల వరసను చాలాసేపు చూసి, "మన క్వార్టర్ల లెక్కనే ఉన్నయి కదరా" అన్నారు. అన్ని ఇళ్లూ ఒకే కొలతలో ఉండటం మోడల్ కట్టేవాళ్లకు పెద్ద వరం. ఒక ఇంటిని టేపుతో కొలుచుకుంటే వీధంతా చేతికొచ్చినట్టే.

ఫోన్ మాత్రం పనిచేయదు. దగ్గర్లోనే గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు ఉంది. దానికి అడ్డు రాకుండా 1958లో ఈ చుట్టుపక్కలంతా రేడియో సిగ్నళ్ల మీద ఆంక్షలు పెట్టారు. దారి, బుకింగ్ కాగితాలు ముందే ప్రింట్ తీసుకోవాలి. రాత్రి వేళ ఆ కొండదారిలో సిగ్నల్ లేక నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది.

మర్నాడు రైలు. రెండు రకాల టికెట్లుంటాయి. విట్టేకర్ దాకా 4 మైళ్లు వెళ్లి వచ్చేది ఒకటి, బాల్డ్ నాబ్ శిఖరం దాకా 11 మైళ్లు వెళ్లేది ఇంకొకటి. చిన్నపిల్లలతో అయితే మొదటిది చాలు. మోడల్ కోసమైతే రెండోదే ఎక్కాలి, నాలుగున్నర గంటలు పట్టినా సరే. పెట్టెలు పాత కలప బండ్ల మీద బల్లలు వేసి తయారు చేసినవి, కాబట్టి కింద వేసుకోవడానికి ఒక దుప్పటి తీసుకెళ్లండి. 4,842 అడుగుల ఎత్తున ఆ చలికి నాన్నకు రెండు స్వెట్టర్లు కూడా ఆనలేదు.

ఇంజన్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణమంతా దానికోసమే. దీని పేరు షే. మిషిగన్‌లో కలప పని చేసిన ఎఫ్రాయిమ్ షే అనే ఆయన 1881లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలు స్టీమ్ ఇంజన్‌కు సిలిండర్లు ముందు వైపు పడుకుని ఉంటాయి. దీనికి మూడు సిలిండర్లు కుడి పక్కన నిలువుగా నిలబడి ఉంటాయి. ఆ బరువును సరితూచడానికి బాయిలర్‌ను ఎడమకు జరిపారు. సిలిండర్లు తిప్పే ఇరుసు ఇంజన్ పక్కనుంచే పొడవునా వెళ్లి, పళ్ల చక్రాలతో ప్రతి చక్రాన్నీ తిప్పుతుంది. అందుకే 11 శాతం దాకా ఉన్న ఏటవాలునూ ఎక్కగలుగుతోంది. మమ్మల్ని ఎక్కించిన 6వ నంబర్ ఇంజన్ 1945లో తయారైంది, లోకంలో కట్టిన చివరి షే అదే. బండి నడక వేగంతో కదులుతున్నా పొగగొట్టం చప్పుడు మాత్రం పరుగెడుతున్నట్టే ఉంటుంది. మా బాబు ఆ చప్పుడును పూర్తిగా రికార్డు చేశాడు.

ఎక్కేటప్పుడు ఇంజన్ ముందు ఉండి లాగదు, కింద ఉండి నెడుతుంది. లింకు తెగినా పెట్టెలు జారిపోకుండా దాని మీదే ఆగుతాయి. మధ్యలో రెండు చోట్ల దారి జెడ్ ఆకారంలో తిరుగుతుంది. కొండకు చుట్టూ మలుపు వేసే జాగా లేక, రైలు ఒక కొసకు వెళ్లి ఆగి, దిశ మార్చుకుని పైకెక్కుతుంది. ఇంజన్ పక్క పెట్టెలో కూర్చుంటే మసి పడుతుంది, అయినా అక్కడే కూర్చోండి. గేర్లు తిరగడం అక్కడి నుంచే కనిపిస్తుంది.

రైలు దిగి, ఆ రెండో రోజే నటల్‌బర్గ్ వెళ్లాం. న్యూ రివర్ లోయలో పాడుబడిన గని ఊరు ఇది, నేషనల్ పార్కు వాళ్లు కాపాడుతున్నారు. టికెట్ లేదు. దారి బాగా ఇరుకు, పెద్ద వ్యాన్లతో వెళ్లొద్దు. గని కొండ మీద ఉంది, రైలు నది ఒడ్డున. 1920లలో హెన్రీ ఫోర్డ్ ఈ గనిని లీజుకు తీసుకున్నప్పుడు పై నుంచి కిందికి బొగ్గు దించడానికి 1,385 అడుగుల కన్వేయర్ కట్టించాడు. తుప్పు పట్టినా ఇంకా నిలబడి ఉంది. ఈ మూడు చోట్లలో నా మోడల్ రూపాన్నే మార్చింది ఇదే. అప్పటిదాకా నేను అంతా నేల మీద పరిచినట్టు గీసుకున్నాను.

ఆ రాత్రి బెక్లీలో ఒక మోటల్‌లో దిగాం. సిగరెట్ వాసన లేని గది అని బుక్ చేస్తే, తలుపు తీయగానే గుప్పుమంది. గది మార్చడానికి గంట పట్టింది. తాళం తీసుకునే ముందు గది చూపించమని అడగండి.

మూడో రోజు బెక్లీ ఎగ్జిబిషన్ కోల్ మైన్. చిన్న బండిలో కూర్చోబెట్టి 1,500 అడుగుల దాకా లోపల తిప్పుతారు. ఏడాది పొడవునా లోపల 58 డిగ్రీల ఫారెన్‌హీటే. గైడ్లు రిటైరైన గని కార్మికులు. చలికాలం మూసేస్తారు, వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. గైడ్ ఇనుప కడ్డీతో కప్పు మీద తట్టాడు. అతను నోరు తెరిచేలోపే నాన్న మాకు చెప్పేశారు: "గట్టిగ మోగితే మంచిగున్నట్టు. డొల్లగ మోగితే జరగాలె." నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే గైడ్ బండి ఆపి నాన్నతో కరచాలనం చేశాడు. ఆ తర్వాత పావుగంట ఇద్దరూ గని కప్పుకు ఊతంగా పెట్టే దిమ్మెల గురించి, గ్యాసు గురించి మాట్లాడుకున్నారు, మధ్యలో నేను అనువదిస్తూ. టికెట్ డబ్బులు దానికే చెల్లిపోయాయి.

ఇంటికొచ్చి లెక్కలు వేశాను. క్యాస్ 11 మైళ్లను హెచ్‌ఓలో కడితే దాదాపు 667 అడుగులు కావాలి. అందుకే దూరం వదిలేసి ఎత్తు పట్టుకున్నాను. కింద నది, రైలు. మధ్యలో గని, దాని నుంచి 3 అడుగుల కన్వేయర్. పైన కలప క్యాంపు. ఒక జెడ్ మలుపు ఉంటుంది, దాని కొస 22 అంగుళాలు. షే ఇంజన్, మూడు కలప బండ్లు అక్కడ సరిగ్గా పడతాయి. ఏటవాలు 5 శాతంతో మొదలుపెట్టి చూస్తాను. కొండ మీద కొట్టిన కలపే గనిలో కప్పుకు దిమ్మెలుగా వెళ్తుంది, కాబట్టి ఒక బండి రోజూ గని దగ్గర ఆగుతుంది.

గీసిన కాగితం నాన్నకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. "లాంప్ రూమేది? మస్టర్ పడకుండ, లైటు తీసుకోకుండ బాయిలకెట్ల పోతరు?" అన్నారు. గని మూతి పక్కన రెండు అంగుళాల జాగా వదిలాను. ఆ గదిని ఆయనే అగ్గిపుల్లలతో కడుతున్నారు.