పిల్లలతో నాలుగు వారాల వాలంటీరింగ్ ప్యాకేజీ: ఏర్పాట్లకు నాలుగు స్టార్లు, అసలు పనికి ఒకటి

విదేశాల్లో పేద పిల్లలతో వాలంటీరింగ్ చేయిస్తామనే ఒక ఏజెన్సీ ద్వారా వెళ్లి, నాలుగు వారాలు ఒక చిల్డ్రన్స్ హోమ్‌లో పనిచేసి వచ్చాను. ఏజెన్సీ పేరు, దేశం పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అక్కడి పిల్లల్ని గుర్తుపట్టడం చాలా తేలిక, పైగా ఇది ఆ ఒక్క ఏజెన్సీ కథ కూడా కాదు. ఇలాంటివి బుక్ చేద్దామనుకునేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మంచి చెప్పేస్తాను. ఎయిర్‌పోర్టుకి మనిషి టైముకి వచ్చాడు, గది శుభ్రంగా ఉంది, రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసినా కోఆర్డినేటర్ ఎత్తింది, జ్వరం వచ్చిన రోజు దగ్గరుండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. వెళ్లేవాళ్లకి టెన్షన్ లేకుండా చూసుకోవడంలో వీళ్లకి వంక పెట్టలేం. నా గొడవంతా అక్కడే, మొత్తం ప్యాకేజీలో ఎవరి బాగోగులు చూశారయ్యా అంటే డబ్బు కట్టిన మావే.

అప్లికేషన్ సంగతే చూడండి. టీషర్ట్ సైజు రెండుసార్లు అడిగారు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒక్కసారి కూడా అడగలేదు. ఇంతకుముందు పిల్లలతో పనిచేశారా అన్నదానికి 'లేదు' అని టిక్ పెట్టినా మర్నాడే సెలెక్ట్ అయ్యారంటూ మెయిల్ వచ్చింది. మన పిల్లలు చదివే స్కూల్లోకి ముక్కూమొహం తెలియని మనిషి నేరుగా వచ్చి పాఠం చెబుతానంటే గేటు దగ్గరే ఆపేస్తారు. అప్పట్లో నాకిది తట్టనేలేదు, వెళ్తున్నానన్న సంబరంలో ఉన్నాను.

మొదటి రోజు గేటు తీయగానే ఐదారేళ్ల పాప పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. పేరైనా అడగలేదు. సాయంత్రానికి ఒళ్లో నిద్రపోయింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఎంత మురిసిపోతూ చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ వయసు పిల్లలు కొత్తవాళ్లని చూస్తే మామూలుగా అమ్మ వెనక్కి నక్కుతారు, ఎవరొచ్చినా ఒళ్లోకి ఎక్కేస్తోందంటే ఆ పిల్ల ఎన్ని చేతులు మారి ఉండాలి? హోముల్లో పెరిగే పిల్లల్లో ఈ అలవాటు కనిపిస్తుందని మనస్తత్వ నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారట, తిరిగొచ్చాక చదివాను.

రెండో వారంలో, వాలంటీర్ల క్లాసుకని విడిగా పెట్టిన ఆ పాప నోటుబుక్కు తిరగేశాను. మొదటి పేజీలో ఏబీసీడీలు. నాలుగు పేజీల తర్వాత మళ్లీ ఏ నుంచి, ఈసారి పక్కన ఆపిల్ బొమ్మ, ఇంకెవరిదో చేతిరాతలో 'వెరీ గుడ్', ఒక స్మైలీ స్టిక్కరు. ఇంకో ఐదు పేజీలు తిప్పితే మళ్లీ ఏ. పుస్తకమంతా ఇంతే. వచ్చిన ప్రతివాళ్లమూ అక్షరాల దగ్గరే మొదలుపెట్టాం, పదాల దాకా వచ్చేలోపు మా గడువు అయిపోయింది. నేను బోర్డు మీద ఏ రాయగానే పాప జెడ్ దాకా గడగడా అప్పజెప్పేసి చప్పట్లు కొడతానేమోనని నా మొహంలోకి చూసింది. కొట్టాను కూడా. ఆ క్లాసుకి ఏడాదంతా ఉండే టీచరొకావిడ ఉంది, మేం వచ్చినప్పుడల్లా ఆవిడని వెనక బెంచీలో కూర్చోబెడతారు. "మీరు వెళ్లాక నేను ఆపిన చోటినుంచి మళ్లీ చెప్పుకుంటాలెండి" అంది, కోపమేం లేకుండా.

మూడో ఆదివారం ఒకామె చేతిసంచితో వచ్చి గేటు పక్కన కూర్చుంది. పాప వెళ్లి ఆమె ముందు కూర్చుని జడ విప్పించుకుని మళ్లీ వేయించుకుంది. ఎవరని అడిగితే, వాళ్లమ్మ. బ్రోషర్‌లో ఈ పిల్లలందరినీ అనాథలనే రాశారు!

మా హోమ్ ఒక్కటే ఇలా ఉందేమో అనుకున్నాను, కాదని తిరిగొచ్చాక చదివితే తెలిసింది. కంబోడియాలో 2005లో 154 ఉన్న అనాథాశ్రమాలు 2010కి 269 అయ్యాయి, ఆ కాలంలో అక్కడ అనాథల సంఖ్య మాత్రం పెరగలేదు. యునిసెఫ్ సాయంతో జరిగిన అధ్యయనం 2011లో తేల్చిందేంటంటే, ఆ హోముల్లోని నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు, తిండి దొరుకుతాయన్న ఆశతో ఇంట్లోవాళ్లే పంపారు. నేపాల్‌లోనైతే ఇలాంటి హోముల్లో ఎక్కువ భాగం కాఠ్మాండూ, పోఖరా లాంటి టూరిస్టులు తిరిగే ప్రాంతాల్లోనే ఉన్నాయి, పేదరికం ఎక్కువున్న మారుమూల కొండల్లో కాదు. చూడటానికి వచ్చేవాళ్లుంటే చూపించడానికి పిల్లలు కావాలి మరి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా పిల్లల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల టూరిజం, వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని అడ్డుకోవాలని దేశాలని కోరింది. ఇవన్నీ బుక్ చేయకముందు ఒక్క సాయంత్రం వెతికినా దొరికేవే. నేను వెతికింది ఎన్ని టీకాలు వేయించుకోవాలి అని.

ఫీజు గురించి. నేను కట్టినదాంట్లో హోముకి ఎంత వెళ్తుందని మూడుసార్లు అడిగాను, "కమ్యూనిటీకి వెళ్తుంది" అన్నారు తప్ప అంకె చెప్పలేదు. నా లెక్క ప్రకారం ఆ డబ్బులో సగం ఆ వెనక బెంచీ టీచరు జీతానికిచ్చినా నా నాలుగు వారాలకంటే పిల్లలకి లాభమే.

అలాగని ఎవరూ ఎక్కడికీ వెళ్లొద్దనడం లేదు. నాతో పాటు వచ్చిన ఒక ఫిజియోథెరపిస్టు పక్క ఊరి ఆసుపత్రిలో అక్కడి సిబ్బందికే వ్యాయామాలు నేర్పించింది, పేషెంట్లని తను ముట్టుకుంది తక్కువ. ఆమె వెళ్లిపోయినా ఆ పని ఆగదు. మీకు అలాంటి విద్య ఏదైనా ఉండి, నెలల తరబడి ఉండగలిగితే చూడండి. పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే డే సెంటరైతే కొంత నయం. పిల్లలు రాత్రి కూడా అక్కడే ఉంటారని, ఏ అర్హతా అవసరం లేదని, వచ్చే వారమే రావచ్చని ఒకే పేజీలో రాసి ఉంటే మాత్రం ఆ ట్యాబ్ మూసేయండి.

ఇప్పటికీ నెలకో మెయిల్ వస్తోంది, రెండోసారి వస్తే డిస్కౌంటట. వాళ్ల వెబ్‌సైట్‌లో పాప నా ఒళ్లో నిద్రపోతున్న ఫోటో పెట్టారు, తీసేయమని మూడు మెయిళ్లు పెట్టాక తీశారు. దాని స్థానంలో పాప ఒక్కతే గేటు పట్టుకుని నవ్వుతున్న ఫోటో పెట్టారు, దాని గురించి అడగడానికి మీరెవరని జవాబొచ్చింది.