ఆవిరి లైనుకు లూపా, బెల్లోసా?

రామగుండం, భూపాలపల్లి వైపు థర్మల్ ప్లాంట్లలో కొత్తగా చేరినవాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది. 50 మీటర్ల కార్బన్ స్టీల్ పైపు 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 120 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని ఆపలేం, దారి ఇవ్వాల్సిందే. ఆ దారి రెండు రకాలు: పైపునే U ఆకారంలో తిప్పే లూపు, లేదా పలచని లోహపు మడతలతో సాగి ముడుచుకునే బెల్లోస్.

ఖర్చు: లూపుకు అదనపు పైపు, నాలుగు ఎల్బోలు (మలుపు ముక్కలు), సపోర్టులు. బెల్లోస్‌కు చోటు తక్కువ, యాంకర్లు (పైపును కదలకుండా పట్టి ఉంచే బిగింపులు) మాత్రం గట్టివి కావాలి.

శ్రమ: లూపుకు వెల్డింగ్ పని ఎక్కువ, తర్వాత బెంగ తక్కువ. బెల్లోస్‌ను షట్‌డౌన్‌లో తప్పక చూడాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మామూలు యాక్సియల్ (పైపు పొడవు దిశలో సాగి ముడుచుకునే) బెల్లోస్‌ను లోపలి ప్రెషర్ సాగదీయాలని చూస్తుంది. 10 బార్ వద్ద, 500 చదరపు సెంటీమీటర్ల ఏరియాకు ఆ తోపుడు దాదాపు 5 టన్నులు! యాంకర్ జరిగిందా, పలచని మడతలు చిరిగి ఆవిరి మనుషుల మీదికొస్తుంది.

పైపు ర్యాక్‌లో (పైపులను మోసే ఫ్రేములో) చోటుంటే, ప్రెషర్ ఎక్కువుంటే నా ఓటు లూపుకే. ప్రెషర్ తక్కువున్న పెద్ద వ్యాసం లైన్లకు, లూపు తిప్పే జాగా లేని చోట బెల్లోస్ సరైనది.