జాగ్రత్త: కటింగ్ లేఅవుట్ చూడకుండా ప్లై, బోర్డు షీట్లకు డబ్బు కట్టకండి

విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం వైపు ఇల్లు కట్టుకుని బీరువాలు, వంటింటి అరలు సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత) మిషన్ మీద కోయించాలనుకుంటున్నవారు ఇది చదవండి. దుకాణం పేరు రాయడం లేదు. లెక్క అడగని కొనుగోలుదారు దొరికితే ఇలా చేసేవారు ఇంకా ఉంటారు.

మా రెండు గోడ బీరువాలకు 14 షీట్లు పడతాయన్నారు. షీట్ల ధరా, షీటుకింత చొప్పున కోత కూలీ, రెండూ ముందే తీసుకున్నారు. ఏ షీటులో ఏ ముక్క ఎక్కడ కోస్తారో చూపే లేఅవుట్ బొమ్మ చూపమంటే డబ్బు కట్టాకే చూపుతామన్నారు. తరువాత ముక్కల జాబితా తీసుకుని పొడవు వెడల్పులు గుణించి కూడితే మొత్తం 300 చదరపు అడుగులు వచ్చింది. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కొక్కటి 32 చదరపు అడుగులు కాబట్టి 14 షీట్లంటే 448. మూడో వంతు సరుకు ఎటు పోయినట్టు?

"వేస్టేజీ అండీ, ఎవరికైనా అంతే" అన్నారు. అంత ఉండదు. బీరువా ముక్కలన్నీ దీర్ఘచతురస్రాలే. శ్రద్ధగా పేరిస్తే షీటులో 80 నుంచి 90 శాతం దాకా పనికి వస్తుంది. అదే జాబితాను విశాఖలో ఇదే పని చేసే మరొకరికి పంపితే 11 షీట్లలో సర్ది చూపించారు.

అసలు కిటుకు బీరువా లోతులో ఉంది. వాళ్ల డిజైన్‌లో లోతు 24 అంగుళాలు, అంటే 610 మిల్లీమీటర్లు. షీటు వెడల్పు 1220. రెండు పక్క పలకలు సరిగ్గా పడతాయి కదా అనిపిస్తుంది. పడవు. చెక్కను కోసే మిషన్ బిట్టు మందం 6 మిల్లీమీటర్లు, అది తినేసే చెక్కను కలిపితే 1226 అవుతుంది. షీటు అంచులు చెక్కేస్తే ఇంకా తగ్గుతుంది. కాబట్టి షీటుకు ఒక్క పలకే వస్తుంది. ఏడడుగుల పక్క పలకలు నాలుగు, మధ్య పలకలు రెండు: వీటికే ఆరు షీట్లు తెరవాలి. లోతు 23 అంగుళాలు చేసి ఉంటే, అంచులు చెక్కినా షీటుకు రెండు చొప్పున మూడు షీట్లతో అయిపోయేది. రోజూ ఇదే పని చేసేవారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

సరే, 24 అంగుళాలే ఉండనివ్వండి. బిట్టు తినేది, అంచుల చెక్కుడు పోగా పలక పక్కన 584 మిల్లీమీటర్ల వెడల్పుతో నిలువునా మిగిలిన పట్టీలో లోపలి అరలు, తలుపులు హాయిగా పడతాయి. వాళ్ల లేఅవుట్‌లో ఆ పట్టీలు ఖాళీగా ఉన్నాయి, అరలకు కొత్త షీట్లు తెరిచారు. ఎందుకంటే ఒక్కో బీరువాను విడివిడిగా పేర్చారు. అన్నీ కలిపి పేర్చితే ముక్కలు కలగాపులగం అవుతాయట! ప్రతి ముక్కకూ నంబరు స్టిక్కరు అంటిస్తే తీరిపోయే సమస్య అది. మిగిలిన పట్టీలు దుకాణంలోనే ఉండిపోయాయి, అది ఆనవాయితీ అన్నారు. ఒక్క పనస దుంగలోంచి వీణ తొలిచే బొబ్బిలి ఉన్న జిల్లా మనది, ఇక్కడ చెక్క విలువ తెలియనివారు ఎవరు?

గట్టిగా నిలదీస్తే రెండో బీరువాకు షీట్లు తగ్గించారు, మరో రకంగా దెబ్బ కొట్టి. చోటు కోసం తలుపుల్లో కొన్నింటిని అడ్డంగా తిప్పి కోశారు. మాది చెక్క గీతలున్న ప్రీలామ్ బోర్డు, అంటే పై పొర ముందే అతికించి వచ్చేది. ఒక తలుపు మీద గీతలు నిలువు, పక్క తలుపు మీద అడ్డం. లేఅవుట్ వేసే సాఫ్ట్‌వేర్‌లో ముక్కను తిప్పవచ్చా లేదా అనేది ముక్క ముక్కకూ విడిగా పెట్టుకోవచ్చు. బయటికి కనిపించేవి తిప్పకూడదు, లోపలి అరలు ఎలా తిప్పినా నష్టం లేదు. సొరుగుల సన్న పట్టీలు కోతలో కదిలి అంచులు వంకరపోయాయి. మిషన్ బల్ల గాలి పీల్చి షీటును పట్టి ఉంచుతుంది, చిన్న ముక్కకు ఆ పట్టు చాలదు. వాటిని షీటు నడుమ పెట్టి, పూర్తిగా తెగిపోకుండా అక్కడక్కడ షీటుతో సన్నని బంధం వదలాలి.

కాబట్టి డబ్బు కట్టకముందే ముక్కల జాబితా, ప్రతి షీటు లేఅవుట్ బొమ్మ అడగండి, ఫోనుకు పంపినా చాలు. జాబితాలో ఎడ్జ్ బ్యాండ్ (కోసిన అంచుకు అతికించే పట్టీ) మందం తీసేసిన కొలతలు ఉన్నాయో లేదో చూడండి. మిగిలిన ముక్కలు మీవేనని బిల్లు మీద రాయించండి. షీట్లు వాళ్ల దగ్గరే కొని, కూలి కూడా షీటు లెక్కనే ఇస్తుంటే మరీ జాగ్రత్త, షీటు పెరిగిన కొద్దీ వాళ్లకు రెండు వైపులా లాభమే.

చాలా వాదించాక కొన్ని పట్టీలు వెనక్కి ఇచ్చారు, డబ్బు ఇవ్వలేదు. మాకు ఇంకా వంటిల్లు మిగిలి ఉంది. కింది అరల లోతు 22 అంగుళాలకు ఖాయం చేసి జాబితా సిద్ధంగా పెట్టుకున్నాను. అన్ని ముక్కలూ కలిపి పేర్చి, స్టిక్కర్లు అంటించి ఇచ్చేవారు విజయనగరం చుట్టుపక్కల మీకు తెలిస్తే చెప్పండి.