బరోలోనా, బార్బరెస్కోనా?

రెండూ రెడ్ వైన్లే. ఇటలీలోని పీడ్‌మాంట్‌వే, ఆల్బా పట్టణానికి అటూ ఇటూ ఉన్న లాంగే కొండలవి. ద్రాక్ష కూడా ఒక్కటే: నెబ్బియోలో.

ధర: మామూలుగా బరోలోదే ఎక్కువ.

నిల్వ: అమ్మకానికి రాకముందు బరోలో కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 చెక్క పీపాలో. బార్బరెస్కోకి 26 నెలలు, పీపాలో 9 చాలు.

రుచి: పల్చటి రంగు చూసి తేలిక అనుకోకండి. గులాబీ, తారు వాసన. గుటక వేయగానే పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఆ వగరు బరోలోలో, ముఖ్యంగా అక్కడి సెర్రలుంగా ఊరి వైపు సీసాల్లో, బాగా గట్టిగా ఉంటుంది. తనారో నది పక్కనున్న బార్బరెస్కోలో కాస్త మెత్తన.

రిస్కు: లేత బరోలో తొందరపడి తెరిస్తే డబ్బు దండగ.

చల్లని చీకటి చోట పదేళ్లు దాచగలిగితే బరోలో. ఈ ఆదివారమే మాంసంతో తాగాలంటే బార్బరెస్కో, నా ఓటు దీనికే. గుంటూరు కారం దట్టించిన వేపుడైతే రెండూ వద్దు. వగరు, మంట ఒకదాన్నొకటి పెంచుతాయి.