గట్టుకు ఇవతల చేపపిల్లలు, అవతల బ్యూటాక్లోర్: రెండు సార్వాల అనుభవం

కైకలూరు వైపు మా రెండెకరాల వరిచేనుకూ, శీలావతి పిల్లలను పెంచే నర్సరీ చెరువుకూ మధ్య ఒకటే గట్టు. అందువల్ల బ్యూటాక్లోర్ 50 శాతం ఇ.సి. (నీటిలో కలిపితే పాలలా మారే ద్రవ రూపం) అనే కలుపు మందును నేను రెండు వైపుల నుంచీ చూడవలసి వచ్చింది.

కలుపు విషయంలో దీనికి వంక పెట్టలేను. నాటిన 3 నుంచి 5 రోజులలోపు ఎకరాకు లీటరున్నర మందును 25 కిలోల పొడి ఇసుకకు పట్టించి, పలుచగా నీరున్న మడిలో సమంగా చల్లితే ఊద, తుంగ మొలక దశలోనే ఆగిపోతాయి. ఒకసారి ఆకులు వేసిన ఊదపై మాత్రం దీని ప్రభావం నామమాత్రమే.

చిక్కంతా నీటితోనే. లీటరున్నరలో అసలు మందు సుమారు 750 గ్రాములు ఉంటుంది. ఎకరంలో రెండంగుళాల నీరు నిలిస్తే అది దాదాపు 2 లక్షల లీటర్లు, అంటే లీటరుకు మూడున్నర మిల్లీగ్రాములకు పైగా మందు. ఇందులో పదింట తొమ్మిది వంతులు మట్టికే అంటుకుపోయిందనుకున్నా, మిగిలేది 0.36 మిల్లీగ్రాములు. ప్రయోగాలలో బంగారుతీగ చేపలు 96 గంటల్లో సగం చనిపోయిన మోతాదు లీటరుకు 0.32 మిల్లీగ్రాములు మాత్రమే. పిల్లల మొప్పల పొర పలుచన, శరీర బరువుతో పోలిస్తే ఆ పొర వైశాల్యం ఎక్కువ, విషాన్ని విరిచే కాలేయం ఇంకా పూర్తిగా ఎదగదు. కనుక పెద్ద చేప తట్టుకున్న నీటిలో పిల్ల తట్టుకోలేకపోవచ్చు. చావకుండా మిగిలిన వాటికీ తిండి కొరత తప్పదు, ఎందుకంటే ఈ మందు నీటిలోని నాచును కూడా దెబ్బ తీస్తుంది. నాచు తగ్గితే దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు తగ్గుతాయి, చేపపిల్లలకు తొలి ఆహారం అవే.

మొదటి సార్వాలో (వానాకాలపు పంటలో) మందు చల్లిన నాలుగో రోజు వానకు గట్టు తెగి, చేను నీరు చెరువులో కలిసింది. మర్నాడు తెల్లవారేసరికి పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ కనిపించాయి, సాయంత్రానికి ఒడ్డు వెంట తెల్లగా పేరుకున్నాయి. నీటిని పరీక్ష చేయించలేదు కనుక మందే చంపిందని తీర్పు చెప్పను. మబ్బు పట్టిన రోజున ఆక్సిజన్ తగ్గి కూడా ఇలా జరుగుతుంది.

అమ్మిన దుకాణదారు డబ్బాపై విష తీవ్రతను తెలిపే రంగు త్రికోణం చూపించి, "ఇది అంత ప్రమాదం కాదండీ" అన్నారు. ఆ త్రికోణపు రంగును ఎలుకల వంటి జంతువులకు ఎంత మోతాదు ప్రాణాంతకమో చూసి నిర్ణయిస్తారు. చేపల సంగతి అందులో ఉండదు. 2020 మేలో కేంద్రం నిషేధించాలని ప్రతిపాదించిన 27 మందుల ముసాయిదాలో బ్యూటాక్లోర్ కూడా ఉంది, ఆ తర్వాతా దుకాణాల్లో దొరుకుతూనే వచ్చింది.

రెండో సార్వాలో చెరువు పక్క మడిలో బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం అనే మరో కలుపు మందు వాడాను. ఎకరాకు 100 మిల్లీలీటర్లు, అంటే అసలు మందు 10 గ్రాములే. చేపలకు దీని విషప్రభావం చాలా తక్కువ. అయితే ఊద మూడు నాలుగాకుల దశలో ఉండగా నీరు తీసి పిచికారీ చేయాలి, రెండు మూడు రోజుల్లో మళ్లీ నీరు పెట్టాలి. కాలువ నీటికి వంతులున్న చోట ఇది చిన్న పని కాదు.

మిగిలిన బ్యూటాక్లోర్‌ను చెరువుకు దూరంగా ఉన్న ముక్కలో చల్లి, వారం రోజులు తూము తెరవలేదు. ఆ మడి నీరు దిగేది డ్రెయిన్‌లోకి, అది కలిసేది కొల్లేరులో.