ఓవర్‌డ్రాఫ్ట్ గృహరుణం: ఐదేళ్ళ వాడకంలో అప్పు దిగులు ఎంత తగ్గింది?

2021 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివారు బాచుపల్లిలో ఫ్లాటు కొన్నప్పుడు 40 లక్షల రూపాయల గృహరుణాన్ని 20 ఏళ్ళ గడువుకు తీసుకున్నాను. మామూలు రుణం కాకుండా ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో నడిచే రుణాన్ని, అంటే మిగులు సొమ్మును అందులో వేసి కావలసినప్పుడు తిరిగి తీసుకోగల రుణాన్ని ఎంచుకున్నాను. ఈ రకం ఖాతా గురించి రాసేవారు ఎక్కువగా వడ్డీ ఎంత ఆదా అవుతుందన్నదే చూస్తారు. అది ముఖ్యమే. అయితే నేను దీన్ని తీసుకున్న కారణం వేరు. అప్పు పేరు చెబితే నిద్ర పట్టని స్వభావం నాది. ఆ దిగులును ఈ ఖాతా ఎంతవరకు తగ్గించగలిగింది, ఎక్కడ తగ్గించలేకపోయింది అన్నదే ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది.

"అప్పులేని వాడే అధిక సంపన్నుడు" అన్న మాట వింటూ పెరిగిన ఇల్లు మాది. మా నాన్నగారు పదవీ విరమణ తరువాత వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టుకున్నారు. నేనేమో ప్రైవేటు ఉద్యోగంలో ఉండి, ఇంకా సంపాదించని 20 ఏళ్ళ జీతాన్ని ముందుగానే బ్యాంకుకు రాసిచ్చాను. ఉద్యోగం పోతే ఏమిటన్న ప్రశ్న మొదటి నెల నుంచే వెంటబడింది. దానితో పాటు మరొక చిక్కు ఉంది, దాన్ని అనుభవించిన వారికి వెంటనే అర్థమవుతుంది. చేతిలో నాలుగు లక్షలు మిగిలితే వాటిని అసలు కింద కట్టేయాలా, లేక కష్టకాలం కోసం దాచుకోవాలా? కట్టేస్తే అప్పు తగ్గుతుంది గాని, రేపు ఉద్యోగం పోయిన నాడు ఆ డబ్బు తిరిగి రాదు. దాచుకుంటే ధైర్యం ఉంటుంది గాని, అటు అప్పు మీద వడ్డీ పూర్తిగా పెరుగుతూనే ఉంటుంది. ఏది చేసినా రెండోది చేయనందుకు మనసు పీకుతూనే ఉంటుంది.

ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి ఈ చిక్కును విప్పుతుంది. రుణాన్ని ఒక కరెంటు ఖాతా లాగా తెరుస్తారు. అందులో బాకీ ఎంతవరకు ఉండవచ్చో చెప్పే, నెలనెలా తగ్గుతూ పోయే ఒక పరిమితి ఉంటుంది, దాన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. నెలవాయిదా మామూలుగానే కట్టాలి. అంతకు మించి మన దగ్గరున్న మిగులును అదే ఖాతాలో వేస్తే, ఏ రోజుకారోజు నిలువ ఉన్న బాకీ మీదే వడ్డీ లెక్కిస్తారు కాబట్టి, ఆ మిగులు ఉన్నన్నాళ్ళూ దాని మేరకు వడ్డీ పడదు. అవసరమైనప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా, ఏ కాగితమూ పెట్టకుండా ఆ మిగులును వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఒకే సొమ్ము అప్పునూ తగ్గిస్తుంది, ఆపద్ధనంగానూ నిలబడుతుంది. నా భయంలో సగం పాలు దీనితోనే పోయిందని నిస్సంకోచంగా చెప్పగలను. జీతం లేకపోయినా ఇంటి ఖర్చు, వాయిదా కలిపి కొన్ని నెలలు నడపగలిగినంత మొత్తం ఆ ఖాతాలో చేరిన తరువాత, మా కంపెనీలో ఉద్యోగాల కోత గురించిన వదంతులు వచ్చినప్పుడు కూడా నేను రాత్రి భోజనం సరిగా చేయగలిగాను.

దీనికి అసలైన పరీక్ష 2022లో వచ్చింది. నా రుణం రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకు ముడిపడినది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చలన వడ్డీ (మారుతూ ఉండే, ఫ్లోటింగ్ వడ్డీ) గృహరుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. నేను రుణం తీసుకునేటప్పటికి రెపో 4 శాతం, నా వడ్డీ 6.95 శాతం, వాయిదా సుమారు 30,900 రూపాయలు. 2022 మే 4న, ముందుగా ప్రకటించిన సమావేశాల పట్టికలో లేకుండానే, రెపోను 4.40 శాతానికి పెంచారు. అక్కడి నుంచి పెరుగుతూ పెరుగుతూ 2023 ఫిబ్రవరికి అది 6.50 శాతానికి చేరింది, నా వడ్డీ 9.45 శాతమైంది. ఇది ఎంత భారమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 40 లక్షల మీద 9.45 శాతం చొప్పున నెల వడ్డీ 31,500 రూపాయలు. అంటే మొదట నిర్ణయించిన వాయిదా ఆ వడ్డీకే చాలదు. అప్పటికి నా అసలు కొంత తగ్గి ఉంది కాబట్టి వాయిదా వడ్డీని దాటింది గాని, మామూలు రుణమైతే అసలు కింద జమయ్యేది నామమాత్రమే అయ్యేది. బ్యాంకు వాయిదాను కదపకుండా గడువును పెంచింది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, స్టేట్‌మెంటు తీసుకుని చూసుకుంటే తెలిసింది. ఆ సమయంలో ఖాతాలో ఉన్న 5 లక్షల మిగులు నెలకు దాదాపు 3,900 రూపాయల వడ్డీ పడకుండా ఆపింది. రెపో మీద నాకు అధికారం లేదు. మిగులు మీద ఉంది. ఈ తేడాను ప్రతి నెలా అంకెల్లో చూడగలగడం వల్ల, రిజర్వు బ్యాంకు ప్రకటన రోజున టీవీ ముందు కూర్చుని గుండె దడతో ఎదురుచూసే అలవాటు క్రమంగా పోయింది.

ఇప్పుడు దీని ఖరీదు. ఈ పద్ధతి రుణాలకు చాలా బ్యాంకులు మామూలు రుణం కన్నా కొంచెం ఎక్కువ వడ్డీ వేస్తాయి. నాకు పడిన తేడా పావు శాతం. 40 లక్షల బాకీ మీద పావు శాతమంటే ఏడాదికి 10,000 రూపాయలు. మామూలు రుణానికి 8.25, దీనికి 8.50 శాతం అనుకుంటే, ఖాతాలో ఎప్పుడూ దాదాపు 1,18,000 రూపాయలు నిలువ ఉంటేనే ఆ అదనపు భారం సరిపోతుంది. అంతకు తక్కువ నిలువ ఉంచగలిగేవారికి ఇది నష్టమే. అంతకు మించి ఉంచగలిగేవారికి లాభం స్పష్టంగానే ఉంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను పడుతుంది, ఇక్కడ పడకుండా ఆగిన వడ్డీకి పన్ను లేదు. అయితే ఖాతాలో ఉంచిన మిగులును అసలు తిరిగి చెల్లించినట్టుగా పరిగణించరు కాబట్టి అసలు చెల్లింపుకు దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు (1961 నాటి చట్టంలో సెక్షన్ 80సీ) దానికి దొరకదు. మిగులు వల్ల వడ్డీ తగ్గితే పాత పన్ను విధానంలో 2 లక్షల వరకు దొరికే వడ్డీ మినహాయింపు కూడా తగ్గే వీలుంది. సొంతంగా నివసించే ఇంటికి కొత్త విధానంలో ఆ మినహాయింపు ఎలాగూ లేదు. పన్ను మినహాయింపు కోసం వడ్డీ ఎక్కువ కట్టాలన్న వాదన నాకు ఎన్నడూ రుచించలేదు.

లోపాల్లో మొదటిది స్టేట్‌మెంటు. బాకీ రుణాత్మక అంకెగా, డ్రాయింగ్ పవర్ మరో అంకెగా, వాడుకోదగ్గ మొత్తం ఇంకో అంకెగా కనిపిస్తాయి. వీటిలో నిజంగా మన అప్పు ఏదో అర్థం కావడానికే కొంతకాలం పడుతుంది, భయస్తులకు ఆ కొంతకాలం చాలా కష్టంగా గడుస్తుంది. రెండోది ఇంతకన్నా పెద్దది. వాడుకోదగ్గ మొత్తం ఎప్పుడూ కళ్ళముందు కనిపిస్తూ ఉంటుంది. మా ఆఫీసులో ఒక సహోద్యోగి ఇలాంటి ఖాతాలోని మిగులంతా తీసి ఊరి బయట ప్లాటు కొన్నారు. అది చట్టబద్ధంగా ఆయన సొమ్మే గాని, ఆయన చేతిలో ఇప్పుడు పూర్తి బాకీ, పైగా పావు శాతం ఎక్కువ వడ్డీ ఉన్నాయి, ఆపద్ధనం మాత్రం లేదు. చేతికి అందుబాటులో ఉన్న డబ్బును ముట్టకుండా ఉంచలేమని తెలిసినవారు మామూలు రుణమే తీసుకుని, వీలైనప్పుడల్లా అసలు కింద కట్టుకోవడం మేలు. వ్యక్తులు తీసుకునే చలన వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు రుసుము వసూలు చేయకూడదు కాబట్టి ఆ దారిలో జరిమానా భయమూ లేదు.

ఏ ఖాతా అయినా తీర్చలేని భయాలు కొన్ని ఉన్నాయి. నేను లేకపోతే ఈ బాకీ నా భార్య మీద పడుతుందన్న భయానికి మిగులు సమాధానం కాదు, పాలసీదారు మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చే టర్మ్ పాలసీయే సమాధానం. రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు వారు ఒకేసారి ప్రీమియం కట్టే రుణ బీమాను ఆ ప్రీమియం కూడా అప్పులోనే కలిపి ఇస్తామన్నారు. నేను దాన్ని కాదని, బాకీకి మించిన మొత్తానికి విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాను. ఇల్లు పోతుందన్న భయానికి చట్టం చదవడం మందులా పనిచేసింది. ఒక్క వాయిదా తప్పితే తలుపుకు తాళం వేస్తారన్నది నిజం కాదు. బాకీ 90 రోజులకు మించి నిలిచిపోతే ఖాతాను నిరర్థక ఆస్తిగా (ఎన్‌పీఏ, మొండి బాకీగా) వర్గీకరిస్తారు. ఆ తరువాత, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటి బ్యాంకు స్వాధీనానికి దిగితే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళే హక్కు రుణగ్రహీతకు ఉంది. ఇదంతా సుఖంగా ఉంటుందని కాదు, కాని మాట్లాడుకోవడానికి, ఫ్లాటు మనమే అమ్ముకోవడానికి సమయం ఉంటుందని తెలిసినప్పుడు అర్ధరాత్రి ఊహలకు ఒక హద్దు ఏర్పడింది. ఇవన్నీ చేసినా నిద్ర పట్టకుండా, పనిమీద మనసు నిలవకుండా వారాలు గడుస్తుంటే దాన్ని డబ్బు సమస్యగా మాత్రమే చూడకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల వల్ల పరిస్థితి మెరుగుపడింది. వడ్డీ మారినప్పుడు వాయిదా మీద, గడువు మీద పడే ప్రభావాన్ని బ్యాంకు తెలియజేయాలి. వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్న ఎంపికను మనకివ్వాలి. మూడు నెలలకొకసారి అసలు ఎంత, వడ్డీ ఎంత వసూలైందో, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయో చూపే స్టేట్‌మెంటు ఇవ్వాలి. నేను ఇప్పుడు యాప్ తెరవడం మానేసి ఆ మూడు నెలల కాగితాన్నే చూస్తున్నాను, దాన్ని నా భార్యతో కలిసి చదువుతున్నాను. ఇద్దరికీ ఒకే అంకె తెలిసి ఉండడం ఎంత ఊరటో అంతకు ముందు ఊహించలేదు.

2025లో రెపో దిగడం మొదలై జూన్‌కు 5.50కి, డిసెంబరుకు 5.25 శాతానికి వచ్చింది. వాయిదా తగ్గించుకునే అవకాశం వచ్చినా, దాన్ని అలాగే ఉంచి గడువునే తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా కోరాను. ఈ ఖాతా తీసుకోదలచినవారు సంతకం చేసే ముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి: మామూలు రుణంతో పోలిస్తే వడ్డీ తేడా ఎంత, మిగులును వెనక్కి తీసుకోవడానికి ఏ ఆంక్షలున్నాయి, వడ్డీ మారినప్పుడు డ్రాయింగ్ పవర్ పట్టికను ఎలా సవరిస్తారు. నేను మళ్ళీ ఇల్లు కొనవలసి వస్తే ఈ పద్ధతినే ఎంచుకుంటాను.