ఫెయిర్‌ఫాక్స్‌లో వాగు పక్కన పాత ఇల్లు కొని కొత్తగా కట్టుకుందామనుకునేవాళ్లు సంతకం పెట్టే ముందు ఇది చదవండి

ఉత్తర వర్జీనియాలో ఇల్లు వెతుకుతున్న మనవాళ్లందరికీ హెచ్చరిక. పెద్ద లాట్ (ఇంటి స్థలం), దాని మీద పాత చిన్న ఇల్లు, వెనక చెట్లు, చెట్ల వెనక వాగు, చుట్టుపక్కల ఇళ్లకన్నా బాగా తక్కువ ధర. ఇలాంటిది చూపించి "లాట్ పాతది, వాగు రూల్‌కి మినహాయింపు వచ్చేస్తుంది, కూలగొట్టి పెద్దది కట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే, ఆ మాట కాంట్రాక్టులో రాయమనండి. రాయనంటే అక్కడితో ఆగిపోండి. మాకు అమ్మేవాళ్ల తరఫు ఏజెంటూ, ఆయన తెచ్చిన బిల్డరూ ఈ మాట నోటితోనే చెప్పారు. ఇద్దరూ తెలుగువాళ్లే. చివరికి కొనడం మానుకున్నాం. ఎర్నెస్ట్ మనీలో (బయానాలో) సగం, డిజైన్ కోసం బిల్డర్‌కి కట్టిన డబ్బు మొత్తం పోయాయి. మా అత్తగారూ మామగారూ మెట్లెక్కలేరని, వాళ్లకి కింద ఒక బెడ్‌రూమ్ ఉండేలా ఇల్లు కట్టుకోవాలన్నదే మా ఆశ.

వాగు రూల్ అంటే వాగు పక్కన కొంత మేర ఇల్లు కట్టకూడదన్నది. అది నిజానికి సముద్ర తీరాన్ని కాపాడే చట్టంలోది. సముద్రం ఎక్కడో ఉంటే ఇక్కడ ఆ రూలేమిటని చాలామంది అడుగుతారు. మేం చూసిన ఇంటి వెనక వాగు ఒక్క అంగలో దాటేయొచ్చు. కానీ ఆ నీళ్లు అకోటింక్ క్రీక్‌లో, అక్కణ్నుంచి పొటోమాక్ నదిలో, చివరికి చీసపీక్ బే అనే సముద్రపు ఖాతంలో కలుస్తాయి. ఆ బేని కాపాడడానికి వర్జీనియా 1988లో చట్టం చేసింది. రాష్ట్రం తూర్పు భాగంలోని 84 కౌంటీలు, సిటీలు, టౌన్లకి అది వర్తిస్తుంది. ఫెయిర్‌ఫాక్స్, ప్రిన్స్ విలియం, రిచ్‌మండ్ పక్కన మనవాళ్లు ఎక్కువగా ఉండే హెన్రైకో అన్నీ ఇందులోవే. లౌడన్ ఇందులో లేదు. అందుకే లౌడన్‌లోని ఆష్‌బర్న్‌లో ఉన్న స్నేహితుల్ని అడిగితే "అలాంటి రూలేం లేదే" అంటారు. వాళ్ల దగ్గర వరద ముంపు నేలలకి వేరే రూల్స్ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఏడాది పొడుగునా పారే వాగుకి రెండు పక్కలా 100 అడుగులు బఫర్. ఆ మేర చెట్టూ పుట్టా అలాగే ఉండాలి, ఇల్లు కట్టకూడదు. ఆ వెడల్పున్న పచ్చని మేర కొట్టుకొచ్చే మట్టిలో 75 శాతాన్ని, ఎరువుల పోషకాల్లో 40 శాతాన్ని ఆపుతుందన్నది రూల్స్‌లోనే రాసి ఉన్న లెక్క. నాకు ఆ రూల్ మీద ఏ ఫిర్యాదూ లేదు. అది ఉండాల్సిందే. నా కోపమంతా దాని గురించి తెలిసి కూడా దాచి అమ్మేవాళ్ల మీదే.

అసలు మోసమంతా మినహాయింపు అనే మాటలోనే ఉంది. మినహాయింపు నిజంగానే ఉంది. 1989 అక్టోబరు 1కి ముందు రికార్డయిన లాట్ అయి, బఫర్ వదిలేస్తే ఇల్లు కట్టడానికి చోటే మిగలకపోతే, కౌంటీ ఆఫీసు స్థాయిలోనే కొంత సడలింపు ఇవ్వొచ్చు. అయితే ఒక మామూలు ఇంటికి ఎంత అవసరమో అంతవరకే. వాగు వైపు 50 అడుగుల్లోకి అసలు రానివ్వరు. పైగా ఆక్రమించిన మేరకి సరిపడా, వీలున్న చోట, అదే లాట్‌లో ఇంకోచోట మొక్కలు పెంచాలి. ఈ సడలింపు ఇంటికే గానీ షెడ్డుకీ స్విమ్మింగ్ పూల్‌కీ కాదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఇరుగుపొరుగుకి నోటీసులిచ్చి, పబ్లిక్ హియరింగ్‌కి వెళ్లాలి. అక్కడ చూసే విషయాల్లో ముఖ్యమైనది, ఆ ఇబ్బంది ఓనర్లు తమంతట తాము తెచ్చిపెట్టుకున్నదా అన్నది.

మాది సరిగ్గా అక్కడే దొరికిపోయింది. ఆ వీధి 1960లలో వేసిందే. కానీ పాత ఓనర్ 2006లో రోడ్డు వైపున్న మెరక నేలని విడగొట్టి పక్కవాళ్లకి అమ్మేశాడు. అప్పుడు హద్దులు మార్చి కొత్తగా ప్లాట్ (plat, అంటే స్థలం హద్దులు చూపే సర్వే పటం) రికార్డు చేశారు. అంటే మాకు అమ్మజూపిన లాట్ పుట్టింది 2006లో. ఇల్లు పాతది, వీధి పాతది, లాట్ మాత్రం కొత్తది! మెరక నేల అమ్ముకుని వాగు వైపు మిగిల్చుకున్నారు కాబట్టి ఆ ఇబ్బంది కూడా వాళ్లు తెచ్చుకున్నదే. ఏజెంట్‌కి ఈ సంగతి ముందే తెలుసని, తర్వాత బయటపడ్డ ఒక పాత ఈమెయిల్లో స్పష్టంగా ఉంది.

ఇక కొలత సంగతి. కౌంటీ ఆన్‌లైన్ మ్యాప్‌లో బఫర్ గీత ఇంటికి చాలా దూరంగానే కనిపించింది. బిల్డర్ అదే ప్రింటు తీసి చూపించాడు. ఆ మ్యాప్ ఉజ్జాయింపు మాత్రమే, అసలు హద్దు నేల మీద సర్వే చేస్తేనే తేలుతుంది. మేం పెట్టుకున్న సర్వేయర్ వచ్చి చూస్తే, వాగు ఒడ్డున కాలేస్తే బూటు దిగబడే తడి నేల ఉంది. అది వాగుతో కలిసిన చిత్తడి కింద లెక్కకొచ్చింది. దాంతో 100 అడుగులు వాగు నుంచి కాకుండా ఆ చిత్తడి అంచు నుంచి కొలిచారు. గులాబీరంగు రిబ్బన్లు కట్టుకుంటూ పైకి వస్తే ఆఖరి రిబ్బను వంటింటి వెనక మెట్ల రెయిలింగు పక్కన పడింది. ఉన్న ఇల్లే కొంత గీత లోపలుంది. బిల్డర్ గీసిన ఐదు బెడ్‌రూముల ప్లాన్లో సగం పైగా బఫర్లోనే.

అమ్మేవాళ్లు ఇవన్నీ చెప్పాలి కదా అనుకుంటారు. వర్జీనియాలో అలా ఆశపడకండి. అమ్మేవాళ్లు కొనేవాళ్లకిచ్చే ఇక్కడి డిస్‌క్లోజర్ ఫారమ్‌లో, ఈ బఫర్ లాట్ మీద ఉందో లేదో ఓనర్ ఏమీ చెప్పడం లేదు, కొనేవాళ్లే విచారించుకోవాలి అని అచ్చువేసి ఉంటుంది. దాని మీదే మనం సంతకం పెడతాం. యాజమాన్య హక్కులో లోపాలకి తీసుకునే టైటిల్ ఇన్సూరెన్స్ కూడా మామూలుగా ఇలాంటి ప్రభుత్వ నిబంధనలకి వర్తించదు.

కాబట్టి ఆఫర్ ఇచ్చేముందే సర్క్యూట్ కోర్టు ల్యాండ్ రికార్డ్స్‌లో ఆ లాట్ ప్లాట్ తీయించి, దాని మీద తేదీ చూడండి. ఇల్లు కట్టిన సంవత్సరం కాదు, ప్లాట్ రికార్డయిన తేదీ. కౌంటీ ల్యాండ్ డెవలప్‌మెంట్ సర్వీసెస్‌కి మీరే ఫోన్ చేయండి, బిల్డర్ చేత చేయించకండి. అక్కడివాళ్లు మాకు ఓపికగా, ఉన్నదున్నట్టు చెప్పారు. కాంట్రాక్టులో స్టడీ పీరియడ్ (అన్నీ విచారించుకోవడానికి గడువు) పెట్టించి, అనుమతి రాకపోతే ఎర్నెస్ట్ మనీ మొత్తం వెనక్కివ్వాలని లాయర్ చేత రాయించండి. లాయర్ ఖర్చుకి వెనకాడకండి.

ఉన్న ఇంట్లోనే ఉందామనుకున్నా సరే, ఎండ కోసమో కూరగాయల మడుల కోసమో బఫర్లో చెట్లు కొట్టేయకండి. ఫెయిర్‌ఫాక్స్‌లో తిరిగి నాటాల్సొస్తే ఎకరానికి 100 పెద్ద చెట్లు, 200 చిన్న చెట్లు, 1,089 పొదలు చొప్పున నాటించే లెక్క ఉంది.

ఆ లాట్ మళ్లీ అమ్మకానికి వచ్చింది. కొత్త ఫోటోలు, "మీ బిల్డర్‌ని తెచ్చుకోండి" అన్న అదే మాట. బఫర్ ఊసే లేదు. అడ్రస్ ఇక్కడ పెట్టను గానీ, అకోటింక్ చుట్టుపక్కల చూస్తున్నవాళ్లకి ఇలాంటి లిస్టింగ్ తగిలితే ముందు ప్లాట్ మీద తేదీ 2006 అని ఉందేమో చూడండి.